సరిపోలని కన్ను

నేను ఒక కంటి కెమెరాను. ఫ్యాక్టరీలో నన్ను బిగించినవాళ్లు మనుషుల కంటిపాప చుట్టూ ఉండే సన్నని గీతలు చదవడం నేర్పారు. వేళ్లు అరుగుతాయి గానీ కళ్లు అబద్ధమాడవని చెప్పి, ఎర్రగుంటపల్లె రేషన్ షాపుకు పంపారు.

అక్కడ డీలర్ వీరేశం. వరుసలో అందరికంటే ముందు నిలబడేది బాలనర్సవ్వ. వెనకాముందూ ఎవరూ లేని మనిషి. బీడీలు చుట్టీ చుట్టీ వేలిగీతలు చెరిగిపోయాయి. ఆరేళ్లు నాకు కన్ను చూపించే బియ్యం తీసుకుంది. శుక్లాల ఆపరేషన్‌తో కంటిపాప కాస్త వంకరపోయినా, సర్దుకుని గుర్తుపట్టేదాన్ని.

అలా సర్దుకోబోయి ఒకసారి మోసపోయాను. దుబాయి వెళ్లిన అన్న బియ్యాన్ని తమ్ముడు తన కన్ను చూపి తీసుకుపోయాడు. దాంతో ఇంజనీరు ఫణీంద్ర వచ్చి నాకు కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. "ఇక వెంట్రుకంత తేడా ఉన్నా ఒప్పుకోదు" అన్నాడు గర్వంగా.

మర్నాడు బాలనర్సవ్వ వచ్చింది. ఎర్రదీపం వెలిగించాను.

"కన్ను మంచిగ తెరువవ్వా" అన్నాడు వీరేశం.

"ఇంకెంత తెరవాలె బిడ్డా? నేను నీకు తెల్వదా?"

"నాకు తెల్సు. దీనికి తెల్వాలె గద."

నీళ్లతో కడుక్కొచ్చింది. వేళ్లతో రెప్పలు చీల్చి పట్టుకుంది. వరుసగా పదకొండు రోజులు వచ్చింది. ఎర్రదీపమే. మండలాఫీసులో "క్యాంపు పెట్టినప్పుడు రా" అన్నారు. వీరేశం తన ఇంటి బియ్యంలోంచి రెండుసార్లు పోశాడు. మూడోసారి తల తిప్పుకున్నాడు.

మూడు నెలలు కన్ను సరిపోలని కార్డులన్నీ బోగస్ కింద కొట్టేశారు. ఆ వారమే పక్కింటివాళ్లు బాలనర్సవ్వ తలుపు పగలగొట్టారు.

ఆకలిచావని పేపర్లో పడేసరికి విచారణకు అధికారి వచ్చాడు.

"ఆ కార్డు బోగసని తేలింది. లేని మనిషి ఆకలితో ఎట్ల చస్తది?"

"సార్, నేనే మట్టి పెట్టొచ్చిన."

"అయితే ఆరేండ్లు బోగస్ కార్డుకు బియ్యం పోసింది నువ్వేనన్నమాట!"

వీరేశం అలాంటి మనిషి ఊళ్లో లేదని రాసిన కాగితం మీద సంతకం పెట్టాడు.

అధికారి జీపు కదలగానే వరుస ముందుకు జరిగింది. తర్వాతి ముసలాయన నీళ్లు కారుతున్నా రెప్ప వాల్చకుండా, నా ముందు కళ్లు పెద్దవి చేసి నిలబడ్డాడు.