డ్యూటీ దొరసాని

ఆదివారం పొద్దున పది గంటలకు ధరణి చెనక్కాయలు ఒలుస్తూ ఉంది. చాట ఒళ్ళో, లాప్‌టాప్ ఎదురుగా స్టూలు మీద. తెర మీదికి కొత్త పోస్టు వచ్చినప్పుడల్లా చేయి కొంగుకు తుడుచుకుని బటన్ నొక్కడం, మళ్ళీ కాయలు అందుకోవడం.

"ఆ పెట్టి ముందర కూసోనుండేదానికి జీతమంట. మా కాలంలో లేకపాయె ఇట్లాంటి సుఖం," అంది అత్త అలివేలమ్మ వంటింట్లోంచి.

ధరణి ఇంకోసారి బటన్ నొక్కింది. తెర మీద ఉండేది, పేరు చెప్పకుండా ఎవరైనా ఏదైనా రాసుకోగల వేదిక. చట్టం ఒప్పుకోనివి వస్తే చూసి తీసేయడం ఆమె పని. కొన్నిటిని యంత్రమే పట్టుకుంటుంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు, అందులోనూ చిత్తూరు వైపు మాట, దానికి అంతుచిక్కదు. అందుకే బెంగళూరు కంపెనీ పాకాల పక్క పల్లెబడిలో చదువుకున్న ధరణిని తీసుకుంది. చంద్రగిరిలో ఇంటి నుంచే రోజుకు నాలుగు వందల పోస్టులు. కొట్టుకునేవి, బెదిరించేవి, దొంగతనంగా తీసిన ఆడవాళ్ళ ఫోటోలు. అన్నం ముందు కూర్చుంటే అవే గుర్తుకొస్తాయి. ఒకసారి భర్త మునిశేఖర్‌తో చెప్పుకోబోతే, "దినామూ బూతుబొమ్మలు సూసేదానివి, నీకింక సిగ్గేముంటాది?" అని నవ్వాడు. చుట్టాలకు మాత్రం డేటా ఎంట్రీ అని చెప్పాడు. ఆమె కూడా అదే చెప్పడం నేర్చుకుంది. రెండేళ్ళుగా ఆమె అలసట పేరు డేటా ఎంట్రీ.

తెర మీద ఇంకో పోస్టు నిలిచింది. ఎవరో ఫిర్యాదు చేశారు, యంత్రం మాత్రం తప్పు లేదంది. మిద్దె మీద నుంచి తీసిన ఫోటో. పైకప్పు లేని స్నానాల గది, నీలం డ్రమ్ము, వెనక్కి తిరిగి ఉన్న ఒక ఆడమనిషి తడి వీపు. కింద ఇంగ్లీషు అక్షరాల్లో రెండే మాటలు: డ్యూటీ దొరసాని.

ఆమె వేళ్ళ మధ్య కాయ పగలకుండా ఆగిపోయింది.

కింది గదిలో బాడుగకు ఉంటున్న నర్సు కృపారాణికి అలివేలమ్మ పెట్టిన పేరది, ఇస్త్రీ కోటు వేసుకుని ఎవరితోనూ మాట్లాడకుండా పోతుందని. ఈ ఇల్లు దాటి ఆ పేరు ఎప్పుడూ బయటికి పోలేదు. పలికేవాళ్ళు ముగ్గురే: అత్త, మునిశేఖర్, తను. అత్త చేతిలో ఉండేది బటన్ల ఫోను.

ధరణి లాప్‌టాప్ ఎత్తుకుని హాల్లోకి పోయింది. మునిశేఖర్ టీవీ ముందు పడుకుని ఉన్నాడు.

"ఇది మీరు పెట్టినారా?"

అతని ముఖంలో రంగు మారి, మళ్ళీ సర్దుకుంది.

"మొకం పడలేదు గదా. పేరూ లేదు. ఎవురికి తెలస్తాది?"

"నాకు తెలిసింది."

"ఇంకేం, మంచిదాయె. తీసేసేది నీ చేతిలోనే ఉండాది గదా. ఒక్క బటను."

అలివేలమ్మ గరిటెతోనే వచ్చి నిలబడింది. సంగతి అర్థమయ్యాక కొడుకును ఏమీ అనలేదు. "తీసెయ్ మే. దానికే గదా నీకు జీతమిచ్చేది. ఇంటి మాట ఈదిలో ఏస్తావా?" అంది.

ఆమె ఉద్యోగం ఆ ఇంటికి అక్కరకు వచ్చింది ఇప్పుడే.

బటన్లు రెండు ఉంటాయి. మొదటిది నొక్కితే ఫోటో పోతుంది, పెట్టినవాడెవడని ఎవరూ అడగరు. రెండోదీ ఫోటోను తీసేస్తుంది, మళ్ళీ ఎక్కించకుండా ఆపుతుంది, అయితే పెట్టినవాడి వివరాలు పోలీసులు అడిగేదాకా దాచి ఉంచుతుంది. రోజుకు పదిసార్లయినా రెండోది నొక్కేది ధరణి. వాళ్ళు ఎవరి మొగుళ్ళో, ఏ ఇంట్లో అన్నం తింటున్నారో అని ఒక్కసారీ అనుకోలేదు.

రెండోదే నొక్కింది. పై అధికారి లోహితకు ఒక ముక్క రాసింది: ఫోటోలో ఉన్నామె నాకు తెలుసు, పెట్టిన మనిషీ తెలుసు.

"పాయెనా?" అన్నాడు మునిశేఖర్.

"పోయింది," అని మెట్లు దిగింది.

కృపారాణి బకెట్టు ముందు కూర్చుని కోటు ఉతుకుతోంది. ధరణి ఏదీ దాచకుండా చెప్పింది. కృపారాణి చేతులు నురగలోనే ఉండిపోయాయి.

"ఎంతమంది సూసినారు?"

"నూటా పన్నెండు మంది, అక్కా."

"నువ్వూ సూసినావా?"

"సూసినాను. అదే నా పని." ఆ మాట బయటి మనిషితో అనడం అదే మొదలు. "నీకు దొరసానని పేరు పెట్టింది మా అత్త. నేనూ నవ్వినాను."

కృపారాణి తలెత్తి మిద్దె వైపు చూసింది. చేతులు కడుక్కుని లేచింది.

"స్టేషనుకు పోతా. ఆ పేరు మీ ఇంట్లో మాటని నేను చెప్తే ఎవురు నమ్ముతారు? నువ్వొచ్చి, నీ పేరు పెట్టి చెప్తావా?"

ధరణి మెట్లెక్కి పైకి వచ్చింది. చెప్తే ఈ ఇంట్లో చోటుండదు. పుట్టింటికి పోతే నాయన శాంతయ్య రెండో రోజే సర్దుకోమ్మా అంటాడు. బీరువా తలుపుకు నుదురు ఆనించి కాసేపు నిలబడింది. తర్వాత బీరువా తెరిచి ఆధార్ కార్డు తీసుకుంది.

"యాడికి మే?" అన్నాడు మునిశేఖర్. అతని గొంతు మొదటిసారి సన్నబడింది. "అడగతా ఉండేది నిన్నే. కిందుండే దానికేం చెప్పినావు?"

కింద కృపారాణి గేటు తీసిన చప్పుడైంది. ధరణి చెప్పుల్లో కాళ్ళు పెట్టి, తలుపు దగ్గరగా వేసి మెట్లు దిగింది.