పసిపిల్లలకు కార్డు రాయరు

రిక్షాలోంచి గోనెసంచులు దిగుతుంటే మా అత్త మొగిలమ్మ నూలు వచ్చిందనుకుంది. రాట్నం ఆపి, ఒళ్లో పడ్డ పోగులు దులుపుకుంటూ లేచి వచ్చి ఒక సంచి మూతి విప్పింది. లోపలంతా కాగితాలు. కార్డులు, ఇన్లాండు కవర్లు, మడతలు నలిగిపోయిన అర్జీలు.

“గివేందిరా కొమురెల్లీ? ఆఫీసుగిట్ల అమ్ముకున్నరా?”

మా ఆయన నవ్వలేదు. రిక్షా అతన్ని పంపేసి అరుగు మీద కూలబడ్డాడు.

“నెలాఖరుకు ఈ సంచులు ఖాళీ కావాలెనే అవ్వా. లేకుంటే నా కుర్సీ ఖాళీ అయితది.”

ఆయన చేనేతవాళ్ల ఆఫీసులో టపా గుమాస్తా. చుట్టుపక్కల ఊళ్ల నేతవాళ్లు ఏది రాసుకున్నా ముందు ఆయన బల్ల మీదికే వస్తుంది. నూలు అందలేదని రాస్తారు, రంగు దిగిపోతోందని రాస్తారు, ఇంటి మగవాడు చనిపోతే ఆఫీసు ఇచ్చే సాయం కోసం రాస్తారు. పై అధికారి కిషన్ రావు గారు నూలు ఉత్తరాలకు మాత్రం వెంటనే జవాబు రాయిస్తారు. మిగతావి చూపిస్తే, “ఉంచవయ్యా, చూద్దాం” అంటారు. మా ఆయన ఉంచుతూ వచ్చాడు. బీరువా నిండింది. బీరువా పక్కన గోనెసంచి పెట్టుకుని వచ్చినవి వచ్చినట్టు అందులో వేశాడు. అదీ నిండితే ఇంకొకటి.

ఇప్పుడు పద్ధతి మారుతోంది. ఏప్రిల్ నుంచి అంతా హైదరాబాదులో కంప్యూటర్ ఎక్కుతుందట. ప్రతి ఉత్తరంలోని సంగతినీ ఒక గళ్ల కాగితం మీదికి ఎక్కించి మార్చి దాటకుండా పంపాలి. అలా ఎక్కని ఉత్తరం ఇక చెల్లదు. రాసినవాళ్లు రాయనట్టే.

“నీ రాత గుండ్రంగ ఉంటది శారదా, జర సాయం చెయ్యి,” అన్నాడు.

ఏడో తరగతితో ఆగిపోయిన నా రాతకు ఇన్నాళ్లకు పని దొరికింది. కానీ నాకు సంతోషం కలగలేదు. ఆ సంచుల్లో చావు కార్డులున్నాయి. మా ఇళ్లలో చావు కబురు మోసుకొచ్చిన కార్డును గడప దాటనివ్వరు. వాకిట్లోనే చదివి, చింపి, బయటికి విసిరేసి, నీళ్లు పోసుకుని లోపలికి వస్తారు. ఇక్కడ ఒకటి కాదు, సంచుల నిండా ఉన్నాయి. లోపల ఉయ్యాలలో నా కొడుకు చందర్, వారం నుంచి దగ్గుతున్నాడు.

“వాకిట్లనే పెట్టున్రి,” అంది మా అత్త. “లోపలికి ఒక్కటొస్తే ఊకోను. పోరడున్న ఇల్లు.”

ఆమె అనకపోయినా నేను వాటిని లోపలికి రానిచ్చేదాన్ని కాదు. ఒక పిల్లను పోగొట్టుకున్నదాన్ని. చందర్ కంటే ముందు నాకొక కూతురుండేది, సారలమ్మ. మేడారం జాతరకు మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరు. గడప పట్టుకుని నిలబడడం నేర్చుకున్న రోజుల్లో జ్వరం వచ్చింది. దవాఖాన నుంచి తువ్వాలలో చుట్టి తెచ్చాం. పసిపిల్ల కదా, పూడ్చి వచ్చారు, అంతే. ఎవరికీ కబురు పెట్టలేదు. మా అమ్మకన్నా రాయమని అడిగితే, “పసిపిల్లలకు కార్డు రాయరు బిడ్డా,” అంది మా అత్త. కోపంతో కాదు, అది అంతే అన్నట్టు. ఏదో పెళ్లిలో ఎవరో చెబితే తప్ప మా అమ్మకు తెలియలేదు. చందర్ పుట్టాక, పిల్లలెంతమంది అని ఎవరడిగినా ఒక్కడనే చెప్పమన్నారు. పోయినదాన్ని లెక్కలో పెడితే ఉన్నవాడికి మంచిది కాదట. నేను ఒక్కడే అని చెబుతున్నాను.

చూరు కింద చాప పరుచుకుని మొదలుపెట్టాను. అరుగు మీద మా అత్త నూలు కండెలు చుడుతూ కూర్చునేది. నేను పైకి చదవాలి, ఆమె వినాలి. చదవకపోతే, “ఏమున్నదే అండ్ల?” అని రాట్నం ఆపేసేది.

“నూలు రాలేదని రాసిండత్తా. మూడేండ్ల కిందట.”

“మూడేండ్లా? వాడు నేసుడే మర్సిపోయి ఉంటడు.”

“ఇంకో ఆయన, రంగు దిగుతాందని నమూనా గుడ్డముక్క పంపిండు.”

“ఏది, సూపెట్టు. రంగు కాదది, వాని మొగం. ఉడకబెట్టుడు సాతకాక రాస్తాండు.”

అలాంటివి చదువుతుంటే ఇద్దరం నవ్వేవాళ్లం. చావు కార్డు వస్తే మాత్రం ఆమె చెయ్యి చాచేది. చింపడానికి. నేను ఇవ్వకుండా ఒళ్లో పెట్టుకునేదాన్ని.

“ఇవి చింపొద్దత్తా. వీటికే గళ్ల కాగితం నింపాలె. ఆ ఇంటోళ్లకు సాయం రావాలంటే ఇదే సాక్ష్యం.”

“గయితే ఇటుక కింద పెట్టు. ఎగిరి ఇంట్లకొస్తయి.”

ఇటుక కింద పెట్టేదాన్ని. ప్రతి చావు కార్డు తర్వాత చేతులు కడుక్కుని లోపలికి పోయి చందర్ నుదురు తాకి చూసేదాన్ని. చల్లగా ఉంటే మళ్లీ వచ్చి కూర్చునేదాన్ని. జవాబు అక్కర్లేని కాగితాలు నీళ్ల పొయ్యి పక్కన గంపలో పడేవి. వాటితోనే మా ఇంట్లో స్నానాలకు నీళ్లు కాగేవి.

రెండో సంచి విప్పిన రోజు పైనే ఒక కార్డు ఉంది. ఏటూరునాగారం దారిలో ఒక చిన్న ఊరి నుంచి వచ్చింది. రెండే ముక్కలు.

“అయ్యా, ఇక నాకు ఏమీ పంపవద్దు. అక్కర తీరింది. చిలుకమ్మ.”

మధ్యాహ్నం అన్నానికి వచ్చిన మా ఆయనకు చూపించాను. ఆయన మొహం కాస్త విప్పారింది.

“మంచిదాయె. అందరు గిట్ల రాస్తే నా పని జల్ది అయిపోతుండె. గంపల వెయ్యి.”

వేశాను.

ఆ సంచిలో కొత్తవి పైన, పాతవి అడుగున ఉన్నాయి. ఆయన వేసిన తీరు అది. నేను తీసేకొద్దీ రోజులు వెనక్కి పోతున్నాయి. కొంత లోతుకు పోయాక అదే ఊరు, అదే పేరు మళ్లీ కనిపించింది. రాత వేరు. ఎవరు దొరికితే వాళ్లతో రాయించుకున్నట్టుంది.

“నా కొడుకు యాకయ్యకు జ్వరం తగ్గుత లేదు. వరంగల్ పెద్ద దవాఖానకు తీసుకపొమ్మంటున్నరు. సాయం మంజూరు చేస్తే బండి కిరాయికి, మందులకు అక్కరకొస్తది. మీ కాల్మొక్కుత, జల్ది పంపండి.”

పైకి చదువుతున్నదాన్ని మధ్యలో ఆగిపోయాను. మా అత్త రాట్నం కూడా ఆగింది.

“తర్వాత?” అంది.

తర్వాత ఏముంది? తర్వాతది నేను ముందే చదివాను. అక్కర తీరింది. గంప దగ్గరికి పోయాను. ఆ రోజు వేసిన కాగితాలు ఇంకా పొయ్యిలోకి పోలేదు. అడుగున చెయ్యి పెట్టి ఆ కార్డు వెతికి తీశాను. బూడిద అంటుకుంది. కొంగుతో తుడిచాను.

“అత్తా, ఈ పిల్లగాడు పోయిండు.”

“గట్లని రాసిందా?”

“రాయలే. పసిపిల్లలకు రాయరు గద.”

మా అత్త ఆగిన రాట్నం మళ్లీ తిప్పింది. నేను మళ్లీ సంచి దగ్గర కూర్చున్నాను. ఆ రోజు ఇక ఏదీ పైకి చదవలేదు. చిలుకమ్మ కార్డుల కోసమే తవ్వాను. ఇంకొకటి దొరికింది. “యాకయ్య నడుస్తాండు. గోడ పట్టుకోకుంటనే వాకిలి దాటుతాండు. వాని పాలకు సరిపోయేంతన్న మీరు సాయం పంపితే మంచిగుండు.” సంచి అడుగున మొదటిది. “నా పెనిమిటి కాలం చేసిండు. మగ్గం మీద సగం చీర ఉన్నది. ఒళ్లె పాలు తాగే కొడుకు ఉన్నడు.”

కిందికి పోయేకొద్దీ పిల్లవాడు బతికొచ్చాడు. జ్వరం పోయింది, అడుగులు పోయాయి, చివరికి తల్లి ఒళ్లోకి చేరి పాలు తాగుతున్నాడు. ఆ కార్డులను అదే వరుసలో ఒకదాని మీద ఒకటి పెట్టి చాలాసేపు కూర్చున్నాను. పైనున్నది తీసేస్తే జ్వరం దగ్గర ఆగుతుంది. ఇంకొకటి తీసేస్తే నడుస్తుంటాడు. నా పిల్లకు ఇలాంటి కార్డులు కూడా లేవు.

పొద్దు గుంకకముందే మా ఆయన వచ్చాడు. చిలుకమ్మ పేరు మీద గళ్ల కాగితం తీసి పెట్టుకుని ఉన్నాను.

“గామె వద్దన్నది గదనే,” అన్నాడు. “వద్దన్నోళ్ల కాగితం పంపితే కిషన్ రావు సారు ఊకుంటడా? మొన్ననే అందరి ముంగట అన్నడు, కొమురెల్లికి సంచులు నింపుడే వచ్చు అని.”

“ఆమె వద్దన్నది పైసలు కాదయ్యా.”

“మరింకేంది?”

కార్డులు చేతికిచ్చాను. ఆయన కింది నుంచి పైకి, వచ్చిన వరుసలో చదివాడు. చివరిది చదివి కూడా అర్థం కానట్టు నా వైపు చూశాడు.

“సారలమ్మ పోయినప్పుడు నువ్వెవలకన్న రాసినవా?” అన్నాను. “మా అవ్వకన్న రాసినవా?”

“పసిపిల్లలకు…” అని ఆగిపోయాడు.

“ఆమె గూడ రాయలే. గిదే రాసింది.”

అరుగు అంచున కూర్చుని జ్వరం కార్డును అటూ ఇటూ తిప్పాడు. దాని మీద ఆఫీసు ముద్ర ఉంది. ముద్ర వేసి సంచిలో వేసింది ఆయన చెయ్యే. అది ఆయనకూ కనిపించింది.

“రాయి,” అన్నాడు చివరికి. “సారుతోని నేను మాట్లాడుకుంట.”

పేరు రాశాను. ఊరు రాశాను. పెనిమిటి పోయిన తేదీ రాశాను. ఆ కిందిది పిల్లల గడి. అంకె వేయాలి. నా చెయ్యి అక్కడ ఆగింది.

“సున్న పెట్టు,” అన్నాడు మా ఆయన మెల్లగా.

“ఖాళీగ ఉంచుత.”

“ఖాళీగ ఉంటే వాపస్ పంపుతరు శారదా. నెలాఖరు దాటితే మల్ల తీసుకోరు. ఆమెకు అసలుకే రాదు.”

“ఒకటి పెడితే?”

“పిల్లగాన్ని సూపెట్టుమంటరు.”

సున్న చుట్టాను. ఒకటో తరగతి పిల్ల కూడా చుట్టగలిగే అంకె. నా జన్మలో అంత కష్టంగా ఏదీ రాయలేదు. ఒక తల్లి నోటితో అనలేక అక్కర తీరిందని చెప్పుకున్నదాన్ని, నేను గడిలో పెట్టి హైదరాబాదుకు పంపాను.

అరుగు మీంచి మా అత్త లేచి పోయి పొయ్యి మీది నీళ్ల గుండిగ దించింది.

“లెవ్వే. తల మీద నీళ్లు పోసుకో.”

చావు కబురు విన్నాక చేసే స్నానం అది. అయినవాళ్లకే చేస్తారు.

“వాళ్లు మనకేమైతరత్తా?”

“ఏమైతరో నాకెరుక లేదు. ఇన్నం గద. పోసుకోవాలె.”

నాకు పోసి, మిగిలిన చెంబెడు తన తల మీద పోసుకుంది. తడి చీరతో పొయ్యి వైపు తిరిగి నిలబడి, “పిల్ల పోయినప్పుడు గూడ పోయకపోతి నీకు,” అంది. నేను విన్నానో లేదో చూడలేదు. చందర్ ఏడుస్తున్నాడని లోపలికి పోయింది.

మర్నాడు నేను సొంతంగా ఒక కార్డు కొనుక్కుని చిలుకమ్మకు రాశాను. ఏం రాయాలో తెలియలేదు. “మీ కార్డులన్నీ చదివాను. మీ యాకయ్య పోయిన సంగతి తెలిసింది. మా ఇంట్లో నీళ్లు పోసుకున్నాం,” అని మాత్రం రాశాను. సంతకం దగ్గర నా పేరు పెట్టలేదు, ‘ఒక తల్లి’ అని పెట్టాను. ఆఫీసు చిరునామా రాశాను.

సంచులు ఖాళీ అయ్యాయి. మా ఆయన కుర్సీ నిలిచింది. కిషన్ రావు గారు ఖాళీ బీరువాలోకి తొంగి చూసి, “చేస్తే అయితది గదా,” అన్నారట. మా అత్త ఆ గోనెసంచులను ఉడకబెట్టి, ఎండబెట్టి, మడిచి ఎవరికో ఇచ్చేసింది.

ఎండాకాలమంతా మా ఆయన్ను అడుగుతూనే ఉన్నాను. “చిలుకమ్మకు వచ్చిందా?” “హైదరాబాద్ నుంచి రావాలె,” అనేవాడు. కొన్నాళ్లకు అడగడానికే భయం వేసింది. చందర్ దగ్గు తగ్గింది. గడప పట్టుకుని నిలబడడం మొదలుపెట్టాడు. వాడు నిలబడినప్పుడల్లా పోయి నుదురు తాకి చూసేదాన్ని.

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం మా ఆయన అంగీ జేబులోంచి కార్డు తీశాడు.

“ఇది ఆఫీసుది కాదు. నీది.”

బడిపిల్లల రాత. వాకిట్లోనే నిలబడి చదివాను.

“కార్డు రాసిన అమ్మకు చిలుకమ్మ మొక్కు. సాయం ఇంకా రాలే. వస్తే రానీ, రాకుంటే పోనీ. నా కొడుకు పేరు రాసి ఒక్కలన్న కార్డు పంపిన్రు. చావు కార్డు ఇంట్ల ఉంచొద్దంటరు. నేను చింపలే, దూలం సందుల పెట్టుకున్న. నీకు పిల్లలు ఎందరమ్మా?”

చూరు కింద కూర్చుని కొత్త కార్డు ఒళ్లో పెట్టుకున్నాను. పైన చిలుకమ్మ పేరు రాశాను. చందర్ గడప పట్టుకుని నిలబడి నన్నే చూస్తున్నాడు.

“ఏమడిగిందే?” అంది మా అత్త అరుగు మీంచి.

“పిల్లలెందరని.”

రాట్నం తిరుగుతూనే ఉంది. నేను తల దించుకుని రాశాను. “ఇద్దరు. పెద్దది సారలమ్మ. అది పోయింది.” నా పిల్ల పేరు కార్డు మీద ఉండడం అదే మొదటిసారి. రాసింది పైకి చదివాను. ఎప్పుడూ పైకే చదవాలి కదా.

మా అత్త రాట్నం ఆపింది. కండె తీసి పక్కన పెట్టింది. తిడుతుందేమో అనుకున్నాను.

“లోపలికొచ్చి రాసుకో బిడ్డా,” అంది. “జల్లు కొడ్తాంది. కార్డు తడుస్తది.”