అమ్మమ్మ అల్లిన చివరి జడ

తడి వెంట్రుకల వాసన.

షాపు షట్టరు సగానికి దించి ఉంది. బయట వాన. లోపల అద్దం ముందు, ఎత్తు కోసం రెండు దిండ్లు వేసిన కుర్చీలో, తొమ్మిదేళ్ళ పిల్ల. దాని వీపు మీద ఒక జడ.

పంతొమ్మిది రోజుల జడ.

వేసింది అమ్మమ్మ. వేసిన రోజు సాయంత్రమే పోయింది.

అప్పటినుంచి పిల్ల ఆ జడను ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. నిద్రలో కూడా కొసను పిడికిట్లో పట్టుకునే పడుకుంది. ఇప్పుడది జడ కాదు, ఉండకట్టిన ఉన్ని. పేలు పడ్డాయి. రేపు ఇలాగే వస్తే బడిలోకి రానివ్వనని టీచరు కబురు పెట్టింది.

విప్పాలి… లేదా కత్తిరించాలి. ఈ రోజే.

కుర్చీ వెనక నిలబడింది పిల్ల తల్లి — పోయినావిడకు ఒక్కగానొక్క కూతురు. ఇరవై ఏళ్ళుగా ఇదే షాపులో జుట్టు దువ్వి కత్తిరించే పని. చేయి తిరిగిన మనిషి. ఇవాళ దువ్వెన పట్టుకుని ఆ జడనే చూస్తోంది.

ఆమె అమ్మను వీధంతా దువ్వెనమ్మ అనేది. కత్తెర కంటే దువ్వెనతోనే ఎక్కువ పని చేసేది మరి. వచ్చినవాళ్ళలో సగం మందిని దువ్వి దువ్వి, కత్తిరించకుండానే పంపేసేది. నీకు కావలసింది కటింగు కాదు తల్లీ, ఓ గంట కూర్చోవడం — అనేది. అలాగైతే ఏ షాపైనా బాగుపడుతుందా?

బాగుపడింది.

భర్త పోయిన ఏడాది, పసిపిల్లను తువ్వాళ్ళ బుట్టలో పడుకోబెట్టి తలలు దువ్వింది. ఆ బుట్టలో పెరిగిన కూతురికి పదిహేనేళ్ళు వచ్చాక మొదటిసారి కత్తెర చేతికిచ్చింది. ఇచ్చిన గంటలో, ఓ పెద్దావిడకు నడుం దాకా ఉన్న జుట్టు మెడ దాకా వచ్చేసింది. పేనుకి పెత్తనమిస్తే తలంతా గొరిగిందట, అని నవ్వింది దువ్వెనమ్మ. నవ్వి, ఏడాది పాటు వారం వారం ఆ పెద్దావిడ ఇంటికెళ్ళి తల దువ్వి వచ్చింది. కూతుర్ని పల్లెత్తు మాట అనలేదు.

తల అప్పగించినవాళ్ళు మనసు కూడా విప్పేస్తారు. ఎవరి కోడలు అలిగిందో, ఎవరి మొగుడు తాగొచ్చాడో — వీధి గుట్టంతా దువ్వెనమ్మ కడుపులోనే ఉండిపోయేది.

మనవరాలు పూర్తిగా ఆపోజిట్. దాని నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున షాపులో విన్నది మధ్యాహ్నానికి బడంతా తెలిసిపోవాల్సిందే. అందుకే అమ్మమ్మ దానికి పిచ్చుక అని పేరు పెట్టింది.

అలాంటి పిచ్చుక పంతొమ్మిది రోజులుగా నోరు మెదపలేదు.

దిగులు అనుకున్నారు అందరూ.

జడ కొస ఇవ్వమని దువ్వెనమ్మ కూతురు బతిమాలింది. పిచ్చుక ఇవ్వలేదు. గద్దించింది. ఇవ్వలేదు. చివరికి కత్తెర తీసింది — బెదిరించడానికో, నిజంగానో ఆమెకే తెలియదు. కత్తెర నోరు తెరుచుకున్న చప్పుడుకి పిల్ల భుజాలు చెవుల దాకా లేచాయి.

పిడికిలి విడింది.

చిక్కుపడ్డ జడను కింది నుంచి విప్పాలి. దువ్వెనమ్మ నేర్పిన మొదటి పాఠం. పైనుంచి లాగితే ముడి బిగుస్తుంది. కొస నుంచి… నూనె రాసి… వేలెడు వేలెడు.

మొదటి వేలెడు. మూడు పాయలు ఉండాలి. రెండే ఉన్నాయి. మూడోది ఊరికే చుట్టి ఉంది.

రెండో వేలెడు. కుడి పాయ బిగువు. ఎడమ పాయ వదులు.

మూడో వేలెడు. ఎడమ పాయ వదులు.

ఇంకా పైకి… పిల్ల భుజాల మధ్యకు వచ్చేసరికి మూడు పాయలూ సమానం. నలభై ఏళ్ళ చేయి. ఒక్క వెంట్రుక కూడా పక్కకు పోలేదు.

అంటే ఇక్కడ. ఇక్కడే అమ్మ ఎడమ చేయి పట్టు తప్పింది.

కూతురి వేలు అక్కడే ఆగిపోయింది.

అమ్మ పోయిన రోజు పొద్దున ఆమె ఈ జడను చూసింది. ఏంటమ్మా, జడ వంకర పోయింది, కళ్ళజోడు మార్చాలి నీకు — అని ఆటపట్టించింది. దువ్వెనమ్మ కూడా నవ్వింది, ఎడమ చేయి ఏప్రన్ జేబులో పెట్టుకుని. అంతలో ఎవరో తల కడిగించుకోవడానికి వచ్చారు. కూతురు అటు వెళ్ళిపోయింది.

నలభై ఏళ్ళలో ఒక్క వంకర జడ వెయ్యని మనిషి. ఆ సంగతి తనకంటే బాగా ఎవరికి తెలుసు?

ఆ సాయంత్రం ఆసుపత్రిలో, మెదడులో రక్తం గడ్డకట్టింది, చేతి పట్టు తప్పగానే తీసుకొచ్చి ఉంటే — అని డాక్టరు మాట సగంలో ఆపేశాడు. అప్పుడు పిల్ల తలుపు దగ్గరే నిలబడి ఉంది.

"చెయ్యి మాట వినట్లేదే అంది అమ్మమ్మ."

పిచ్చుక అద్దంతో చెబుతోంది.

"అమ్మకి చెప్పకు, షాపు నిండా జనం ఉన్నారు అంది. నేను చెప్పలేదు."

ఊరందరికీ అన్నీ చెప్పే పిల్ల. ఆ ఒక్కటే చెప్పలేదు.

ఇప్పుడు అబద్ధం ఆడటం ఎంత తేలిక. జడకీ ప్రాణానికీ ఏంటి సంబంధం, బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టకు, అని కసిరితే చాలు. పిల్ల నమ్మేస్తుంది. బహుశా. జీవితమంతా కాకపోయినా కొన్నేళ్ళు నమ్ముతుంది. తను కూడా తప్పించుకుంటుంది.

కానీ ఆ బరువంతా పిల్ల నెత్తినే ఉండిపోతుంది.

కూతురు దువ్వెన పక్కన పెట్టింది.

"నేను చూశాను," అంది. "ఆ పొద్దున ఈ జడ నేనూ చూశాను. నవ్వాను."

అద్దంలో పిచ్చుక కళ్ళు పైకి లేచాయి. ఇన్ని రోజుల్లో మొదటిసారి తల్లి మొహంలోకి చూసింది.

"నాకైతే తెలీదు," అంది పిచ్చుక మెల్లగా. "నీకు జడలు తెలుసు కదమ్మా. నువ్వెందుకు అడగలేదు?"

పిల్ల చూపు తిప్పుకోలేదు, తల్లి కూడా తిప్పుకోలేదు. భుజాల మీద జడ ఇంకా సగం మిగిలే ఉంది — అమ్మ చేయి బాగున్నప్పటి సగం.

దాన్ని విప్పడానికి ఇద్దరికీ చేతులు రాలేదు.