కెమెరా ఆపుకున్న అమ్మాయి

రోజూ పొద్దున పదింటికి సోదమ్, కొరియాలో జొంజు అనే ఊళ్లోని తన గదిలో కంప్యూటరు తెరిచి, కెమెరా, మైకు రెండూ ఆపేసి, నోటుపుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. టీచరు శిక్షణలో ఉన్నవాళ్లు నలభై క్లాసులు నోరు మెదపకుండా చూడాలని ఆ ఆన్‌లైన్ ఇంగ్లీషు బడి నియమం. తెరమీద అందరికీ ముఖాలుంటే ఆమెకు పేరు రాసిన నల్లగడి ఒకటి ఉండేది.

క్లాసు చెప్పే మిరాన్ తన బల్లమీద ఎప్పుడూ ఒక తువ్వాలు పరిచి ఉంచేది. తొంగ్యోంగ్ రేవులో ఆల్చిప్పలు ఒలిచే గప్సున్ హోంవర్కు పుస్తకం ఇవ్వడానికి తెరలోంచి చెయ్యి చాపితే, ఆ చేతినుంచి ఉప్పునీళ్లు కారేవి. బస్సు డ్రైవరుగా రిటైరైన డూమన్ కాల్చిన చిలగడదుంపలు అందించేవాడు. ఆ ఆవిరికి మిరాన్ కళ్లజోడు మసకబారేది. "కాస్త చల్లారాక ఇవ్వండి తాతగారూ," అనేది తుడుచుకుంటూ. కెమెరా ఆపుకున్నవాళ్ల దగ్గరికి మాత్రం ఏదీ వచ్చేది కాదు, వాళ్లనుంచి ఏదీ పోయేది కాదు.

సోదమ్‌కి ఇరవయ్యారేళ్లు. మందులషాపులో ఉద్యోగం మానేసి మరీ ఇందులో చేరింది. మొదటిరోజే మిరాన్, మేడం అనకు, అక్కా అని పిలువు అంది. క్లాసయ్యాక ఇద్దరూ కెమెరాలు తెరుచుకుని కబుర్లు చెప్పుకునేవాళ్లు. మిరాన్ హోంవర్కు పుస్తకాలన్నీ ఇటు అందిస్తే, సోదమ్ దిద్ది, మార్జిన్లో రెండు మంచిమాటలు రాసి తిరిగిచ్చేది. అక్క చూపించే ప్రేమకు ఈపాటి పని ఎంత అనుకునేది.

నెల దాటినా గప్సున్ ఇంగ్లీషులో ఒక్క వాక్యం మాట్లాడలేదు. ముఖం ఎర్రబడేది, నవ్వేసి తల దించుకునేది. చూసి చూసి సోదమ్ మూడు రోజులు కూర్చుని ఒక పాఠం తయారుచేసింది. పుస్తకంలో బొమ్మలు వద్దు. ఎవరింట్లోంచి వాళ్లు బాగా వాడిన వస్తువొకటి తెచ్చి ఒకరికొకరు అందించుకోవాలి. పట్టుకున్నవాళ్లు అడగాలి, ఇచ్చినవాళ్లు చెప్పాలి. ఆ కాగితాలు మిరాన్ చేతిలో పెట్టి, పనికొస్తుందేమో చూడమంది. మిరాన్ చదివి, చూద్దాంలే అంది.

ముప్పై ఎనిమిదో క్లాసుకి బడి డైరెక్టరు వచ్చి కూర్చున్నాడు. ఆరోజు మిరాన్ పుస్తకం మూసేసి, వాడిన వస్తువులు తెమ్మంది. గప్సున్ ఆల్చిప్పలు విప్పే కత్తిని డూమన్‌కి అందించింది. అరిగి అరిగి వేలంత మిగిలింది. ఇదెవరిచ్చారని అతను ఇంగ్లీషులో అడిగాడు. గప్సున్, ఇది మా అత్తది, ఆవిడ నన్ను రోజూ తిట్టేది, పోయేముందు దీన్ని మాత్రం నాకే ఇచ్చింది అని ఇంగ్లీషులోనే, తప్పులతోనే, చివరిదాకా చెప్పింది. నల్లగడి వెనక సోదమ్‌కి సంతోషంతో ఏడుపొచ్చింది.

ఈ పద్ధతి ఎక్కడిదని డైరెక్టరు అడిగాడు.

"చాలాకాలంగా నా మనసులో ఉందండీ," అంది మిరాన్.

సోదమ్ ఏదో అనబోయింది. మైకు ఆపి ఉంది.

మర్నాడు మిరాన్ సంతకంతో సోదమ్ శిక్షణ నివేదిక వచ్చింది. శ్రద్ధ తక్కువ, చొరవ లేదు, విద్యార్థుల పేర్లు కూడా తెలియవు, ఉద్యోగానికి సిఫారసు చేయలేను.

ఆ మధ్యాహ్నం సోదమ్ కాల్ చేసేసరికి మిరాన్ బేరిపండు కోసుకుంటోంది. పాఠం సంగతి పోనీ, పేర్లు తెలియవని ఎందుకు రాశారని అడిగింది సోదమ్.

"నువ్వు చేరితే ఆ పాఠం ఎవరిదో ఏదో ఒకరోజు బయటపడుతుంది," అంది మిరాన్, గొంతు పెంచకుండా. "పదకొండేళ్లు ఇదే కుర్చీలో కూర్చున్నాను. ఒక్కసారీ ఎవరూ బాగుందనలేదు. నీకు వయసుంది, ఇంకోటి రాసుకుంటావు." అంటూ ఒక ముక్క తెరలోంచి చాపింది.

సోదమ్ అందుకోలేదు. ఆ చెయ్యి ఆమె గదిలో, ఆమె బల్లమీద కాసేపు అలాగే ఉండి వెనక్కి వెళ్లిపోయింది.

"ఉంటాను మేడం," అంది సోదమ్.

మరుసటిరోజు క్లాసు చివర్లో ఆమె మొదటిసారి కెమెరా, మైకు తెరిచింది. డూమన్ తాతగారూ, గప్సున్ అమ్మమ్మగారూ, వెళ్లొస్తానని చెప్పింది. చూడ్డానికి వచ్చినవాళ్లు మాట్లాడకూడదంది మిరాన్.

గప్సున్ ఆ మాట పట్టించుకోలేదు. తెరకు దగ్గరగా జరిగి కొరియన్‌లోనే అడిగింది. "నా పుస్తకంలో రాసేది నువ్వేనా పిల్లా? మేడం బోర్డుమీద రాసే రాత వేరు."

"నేనే అమ్మమ్మగారూ."

"తిన్నావా?"

నిన్నటినుంచీ తినలేదు. సోదమ్ తల అడ్డంగా ఊపింది. తడి చెయ్యి ఒకటి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. అంతకుముందు మనుషులెవరూ తెర దాటలేదంటే, ఎవరూ అంత గట్టిగా లాగలేదు కాబట్టే. ఒట్టికాళ్లతో ఆమె తొంగ్యోంగ్ షెడ్డులో, చిప్పల గుట్టల మధ్య దిగింది. గప్సున్ ముందు అన్నం గిన్నె, తర్వాత రబ్బరు బూట్లు ఇచ్చింది.

ఆ చలికాలమంతా మధ్యాహ్నం అన్నాలయ్యాక షెడ్డులో ఏడుగురు ఆడవాళ్లకి సోదమ్ ఇంగ్లీషు చెప్పింది. జొంజుకి తిరిగి వెళ్లలేదు. మిరాన్ ఇప్పుడు ఊరూరా టీచర్లకి ఆ పాఠమే నేర్పుతోందని డూమన్ కబురు చేస్తే, విని, చిప్పలు ఒలుస్తూనే ఉంది. కొత్త పాఠాలు రాయడమూ మానలేదు. ఎవరైనా పక్కకొచ్చి ఏదీ చూపించమంటే మాత్రం, గప్సున్ అయినా సరే, కాగితాన్ని బోర్లా తిప్పి పైన చెయ్యి పెట్టేది.