తడిస్తే కనిపించిన గుంపు

జేగురాయన చేతిలో మొదట ఉన్నది ఒక్క మాట. అది కొండల కార్యాలయం అధికారి ఇచ్చిన మాట. పడమటి కొండ అడుగున ఉన్న ఎర్రమన్ను అతను తవ్వుకోవచ్చు. కాకపోతే పైనున్న రాతిగూటిలో బొమ్మలు ఈమధ్య ఎవరో గీసినవని తేలాలి. ప్రాచీనమైనవని తేలితే ఆ కొండ మీద గడ్డపార పడదు.

రంగుమట్టి అమ్మీ అమ్మీ చేతులు ఎర్రబడ్డ మనిషి కాబట్టి బజారంతా అతన్ని జేగురాయన అనేది. అతని లెక్కలో ఆ మాట సగం అందిన సరుకు. మిగతా సగం ఇంట్లోనే ఉందనుకున్నాడు. ఎందుకంటే ఆ బొమ్మల రంగు పరీక్షించే పని పడింది సాక్షాత్తూ భార్య చెల్లెలికి.

"ఏ కాపరో పొద్దుపోక గీసుంటాడు మరదలా. అదే రాసెయ్," అన్నాడు భోజనాల దగ్గర.

"నువ్వు చెప్పాక ఇంక యంత్రాలెందుకు బావా! ప్రయోగశాలకి తాళం వేసొచ్చేస్తా."

"వెటకారమా?"

"అక్కా, మీ ఆయనకి అర్థమైపోయిందే!"

"మీ ఇద్దరి మధ్య నన్ను నలపకండి," అని భార్య నవ్వాపుకుంటూ గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్లింది.

మర్నాడు మరదలు, దేనిలో ఏ పదార్థముందో చెప్పే పిస్తోలు లాంటి యంత్రం పట్టుకుని దుకాణానికి వచ్చి, ఎర్రమన్ను బస్తాకు దాని మూతి ఆనించింది.

"ఇనుము. ఎరుపంతా దానిదే. ఇదేంటి, బేరియం ఇంతుంది? తెల్లరాతి పొడి కలిపావా?"

"కలపకపోతే గోడకి పట్టదు."

"గోడకి పట్టదా, కాటాకి పట్టదా?"

"మెల్లగా తల్లీ, కొనేవాళ్లున్నారు!"

బజారు రంగుకు ఈ బేరియమే ఆనవాలని, కొండ బొమ్మల్లో అది దొరికితే పేచీ తీరినట్టేనని ఆమె చెప్పింది. తన కల్తీ మీద జేగురాయన గంపెడాశ పెట్టుకోవడం జీవితంలో అదే మొదటిసారి.

ఇద్దరూ కొండెక్కారు. మధ్యాహ్నపు గాలి నిద్రమత్తులో ఉన్నట్టు ఆగి ఆగి వీస్తోంది. రాతిగూడు సగం మూసిన కనురెప్పలా ఉంది. లోపల బండ మీద పాలు ఒలికి ఆరినట్టు తెల్లటి పొర. దాని వెనక ఎక్కడో ఎర్రటి నీడలు. మరదలు అటు చివర యంత్రంతో వంగి కూర్చుంది. మసక బొమ్మల ముందు జేగురాయన ఒక్కడే నిలబడ్డాడు.

పొడి మన్ను అసలు రంగు చెప్పదు. అందుకే కొనేవాడు సందేహిస్తే దాని మీద నాలుగు చుక్కలు చల్లి చూపిస్తారు. దాన్ని రంగుల బజారులో తడి చూపడం అంటారు. ఎన్నో ఏళ్ల అలవాటున్న చెయ్యి కదా, అతన్ని అడగలేదు. నీళ్ల సీసా మూత తీసి, ఆ చెయ్యే పుడిసెడు నీళ్లు బండ మీద కొట్టింది.

పాలపొర తెరుచుకుంది. ముందు ఒక జింక మెడ తిప్పింది. దాని వెనక ఇంకొకటి, ఆ వెనక గుంపంతా, పారే నీళ్లలా. జింకల వెంట చేతులు పట్టుకున్న మనుషులు. ఒకడి భుజాల మీద పిల్ల. ఎవరి పాదాలూ నేలకు ఆనడం లేదు. వాళ్లు బండలోంచి బయటికి వస్తున్నారో, తనే లోపలికి పోతున్నాడో జేగురాయనకు తెలియలేదు. ఒంట్లో బరువు లేదు. తన పేరేమిటని అడిగితే చెప్పలేకపోయేవాడు.

చుక్కలు బండ మీదినుంచి జారుతున్నాయి. తెల్లగా, తేటగా. తన దుకాణపు రంగయితే ఈపాటికి ఎర్రటి కాలవలు కట్టేది. ఆ సంగతి ఎక్కడో కలలో తట్టినట్టు తట్టింది.

"బావా! నీళ్లు పోశావా?"

"తడి చూపించా..."

"ఎవరికి? ఇక్కడ కొనేదెవరు?" మరదలు పరుగున వచ్చింది. "నీళ్లు తగిలితే రాతిలో ఉప్పు పైకొచ్చి, ఆరాక అక్కడే తెల్లగా కూర్చుంటుంది. పొర ఇంకా ముదురుతుంది. చూడాలనుంటే చెప్పొద్దూ! ఫోటో తీసి కంప్యూటర్లో రంగు పెంచి చూపించేదాన్ని."

ఆమె తిడుతుండగానే బండ ఆరింది. జింకలు ఒక్కొక్కటే వెనక్కి నడిచి వెళ్లిపోయాయి.

కొన్నాళ్లకు ఆమె ప్రయోగశాలకు పిలిచింది. బండ కింద దానంతటదే రాలి పడిన ఆవగింజంత పెచ్చును గాజులాంటి జిగురులో పొదిగి, అడ్డంగా కోసి నునుపు చేసింది. జేగురాయన సూక్ష్మదర్శినిలోకి వంగాడు. అడుగున రాయి, దాని మీద తెల్లపొర, ఆపైన ఎరుపు, మళ్లీ తెల్లపొర. రెండు దుప్పట్ల మధ్య ఎవరో పడుకున్నట్టుంది.

"పైదుప్పటిలో సన్న పొరలు చూడు, చెట్టు కాండంలో వలయాల్లాగా. ఎండా వానా కలిసి నేసినవి. కచ్చితంగా వయసెంతో చెప్పలేను. నీ దుకాణం కంటే, ఈ ఊరి కంటే పాతవని మాత్రం సంతకం పెడతా."

"బేరియం?"

"లేదు బావా."

ఈసారి ఆమె గొంతులో వెటకారం లేదు.

నివేదిక చదివిన అధికారి అతన్ని పిలిపించాడు. "మీకు అభ్యంతరముంటే రాసివ్వండి. ఇంకో చోట పరీక్ష చేయిస్తాం. మా నిబంధన ప్రకారం అభ్యంతరం రాసిచ్చినవాళ్లకి అది తేలేదాకా తవ్వకానికి అడ్డు లేదు."

అది వ్యాపారికి తెరిచిన తలుపు. అది తేలేలోగా కొండ అడుగు ఖాళీ చేయవచ్చు. దుమ్ము లేస్తుంది, లేచి గూటిలోకి పోయి ఆ పొర మీద పేరుకుంటుంది. జేగురాయన కళ్లు మూసుకుని లెక్క కట్టబోయాడు. లెక్క మధ్యలోంచి జింకలు నడిచాయి. వాటి వెనక భుజాల మీది పిల్ల.

"అభ్యంతరం లేదండి."

"తొందరేం లేదు, ఆలోచించుకోండి."

"ఆలోచిస్తే రాసిచ్చేస్తానండి. అందుకే వద్దు."

బయట మెట్ల మీద మరదలు ఎదురుచూస్తోంది. విషయం విని అతనితో పాటు మెట్లు దిగింది.

"నువ్వు పోసిన చోట అరచేతంత తెల్లమచ్చ తేలింది బావా. నివేదికలో రాయక తప్పలేదు. మా వాళ్లు దానికి బావమచ్చ అని పేరు పెట్టారు. అదెలా మారుతుందో ఏటా కొలుస్తాం."

"రాతి మీద నా పేరు కూడా ఎక్కించారన్నమాట!"

ఆమె నవ్వింది. "ఇంతకీ ఆరోజు ఎన్ని జింకలు చూశావు?"

"లెక్కపెట్టలేదు."

"నువ్వా? లెక్కపెట్టలేదా? ఫోటోలో చూసి చెప్పనా?"

"వద్దులే."

ఆఖరి లెక్కలో పోయింది కొండ అడుగున ఉన్న మన్నంతా. చేతికొచ్చింది ఒక మచ్చ, ఎన్నున్నాయో తెలియని జింకలు.