మిగిలిపోయిన వోట్లు

మైదుకూరికి ఆమడ దూరంలో ఉన్న ఆ నేతగాళ్ళ ఊళ్ళో గురుస్వామిని చెడ్డవాడు అనే మనిషి లేడు. అతని కొంప ముంచింది ఆ మంచితనమే. ఎవరి మగ్గం మొరాయించినా పిలవకముందే పోయి బాగుచేసి వచ్చేవాడు, కాఫీ నీళ్ళు ఇస్తామన్నా ఆగేవాడు కాదు.

యుద్ధం మూలాన నూలుకు కంట్రోలు వచ్చింది. సర్కారు ఇచ్చే నూలంతా చేనేత సంఘానికి వస్తుంది, సంఘం కమిటీ పంచుతుంది. కమిటీలో అయిదుగురు. ఎన్నికల రోజు ప్రతి సభ్యుడూ అయిదుగురికీ చెయ్యెత్తవచ్చు. సంఘంలో నూరుమంది. పై వీధివాళ్ళు అరవై, కింద వీధివాళ్ళు నలభై. ఏటా పై వీధి చేతులే ఎక్కువ లేస్తాయి, అయిదుగురూ వాళ్ళే అవుతారు. ఇంకేముంది, మంచి నూలు పై వీధికి, ముట్టుకుంటే పుటుక్కుమనే నూలు కింద వీధికి. కింద వీధిలో సగం మగ్గాలు ఆగిపోయాయి. మగ్గం గుంటలో కూర్చోవలసిన మనుషులు వేరుశనగ చేలకు కూలికి పోతున్నారు.

గురుస్వామి సంఘం ప్రెసిడెంటు పుల్లన్న దగ్గరికి పోయి అడిగాడు.

"పుల్లన్నా, పదిండ్లోళ్ళు కలిసి పొట్టేలును కోస్తే, ఆరిండ్లోళ్ళు శానామంది ఉండారని మాంసమంతా వాళ్ళే ఎత్తుకపోతారా? నాలుగిండ్లకు నాలుగు పాళ్ళు రావల్ల గదా. అయిదు సీట్లలో మావి రెండు."

పుల్లన్న వక్కాకు నములుతూ, "ఎలక్షనంటే ఎక్కువమంది మాటప్పా. మాంసం యవ్వారం కాదు" అన్నాడు.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. అయితే కింద వీధివాళ్ళు సంఘంలోంచి పేర్లు తీసేసుకుంటామనేసరికి పుల్లన్న నమలడం ఆపాడు. సర్కారు నూలు ఇచ్చేది మగ్గాల లెక్కన కదా మరి. అప్పుడు దిగొచ్చాడు. ఇకమీదట మనిషికి ఒకటే వోటు. పోటీచేసే ఒక్కొక్కరికీ ఒక్కో రంగు డబ్బా, నచ్చినదాంట్లో చీటీ వేయడం, ఎక్కువ చీటీలు వచ్చిన అయిదుగురూ కమిటీ.

కింద వీధి తరఫున గురుస్వామి, బసవన్న నిలబడ్డారు. ఇద్దరూ గెలవాలి, ఒకడు గెలిస్తే లాభం లేదు. కమిటీలో ఒకడు తీర్మానం పెడితే ఇంకొకడు బలపరచాలి. అప్పుడే అది మినిట్సు పుస్తకంలోకి ఎక్కుతుంది, కడపలో ఉండే అధికారుల కంటబడుతుంది. అందుకే గురుస్వామి ఇల్లిల్లూ తిరిగి నెత్తీనోరూ కొట్టుకొని చెప్పాడు. తూర్పు వరస ఇండ్లవాళ్ళు తన పచ్చడబ్బాలో వేయాలి, పడమటి వరసవాళ్ళు బసవన్న ఎర్రడబ్బాలో వేయాలి. అందరూ తలలూపారు. తలలూపడంలో ఆ వీధిని మించినవాళ్ళు లేరు.

అవతల పై వీధివాళ్ళు వోట్లు చీలకుండా పుల్లన్నతో కలిపి నలుగురినే నిలబెట్టారు. ఏ ఇంటివాళ్ళు ఎవరికి వేయాలో పుల్లన్న చెప్పాడు, వాళ్ళు అట్లాగే వేశారు.

లెక్క తేలింది. గురుస్వామికి ఇరవై ఆరు, బసవన్నకు పద్నాలుగు. పై వీధిలో అందరికన్నా తక్కువ వచ్చిన పుల్లన్న అల్లుడికీ పద్నాలుగే. ఎన్నిక జరిపించడానికి వచ్చిన సర్కారు ఇన్‌స్పెక్టరు ఇద్దరి పేర్లూ చీట్లు రాసి ఒకటి తీయిస్తే అల్లుడి పేరు వచ్చింది.

గురుస్వామి ఇన్‌స్పెక్టరు బల్ల దగ్గరికి పోయాడు.

"సార్, నేను గెల్చేదానికి ఇన్ని అక్కరలేదు. మిగిల్నవి బసవన్నకు ఎంచండి."

"వోట్లేమన్నా బియ్యమా అయ్యా, పక్కింటికి కొలిచి పెట్టడానికి?"

"చీటీ ఏసేటప్పుడే, ఈయనకు చాలినన్ని వస్తే మిగిల్నది ఎవురికి పోవల్లని ఇంకొక్క మాట అడిగింటే సరిపోయుండు గదా సార్. ఈళ్ళ వోట్లు మట్టిపాలు అయ్యేటివి కాదు."

"అడగొచ్చు. కొన్ని దేశాల్లో అట్లాగే చేస్తారంటారు. మన సంఘం నిబంధనల్లో లేదు." ఇన్‌స్పెక్టరు డబ్బాలు సర్దుకున్నాడు.

బయట పడమటి వరస లాల్ బీ ఎదురొచ్చింది. మొగుడు పోయినాక మగ్గం తనే నేస్తున్న మనిషి. మొహం వెలిగిపోతోంది.

"పచ్చడబ్బాలోనే ఏసినా గురప్పా. నా మగ్గాన్ని నిలబెట్టినోనివి నువ్వు. నిన్ను కాదని ఎట్లేసేది?"

"బసవన్నకు ఏయమని చెప్తి కదమ్మా."

"నేనొక్కదాన్నే గదా. కడమోళ్ళు ఏస్తార్లే అనుకొంటి."

పడమటి వరసలో నలుగురైదుగురు అదే మాట అన్నారు, అదీ ఏదో మేలు చేసినట్టు. ఎవర్ని తిట్టాలో గురుస్వామికి తెలియలేదు. చివరికి బసవన్న వచ్చి తల వంచుకొని నిలబడ్డాడు.

"నేనూ నీకే ఏసినా గురన్నా. నువ్వుండంగా నాకు నేనే ఏసుకుంటే బాగుండదనిపించె."

ఆ ఒక్క చీటీ ఎర్రడబ్బాలో పడి ఉంటే బసవన్నకు పదిహేను. చీట్లు తీసే పనే ఉండేది కాదు.

"నీ మొగమాటం మండ" అన్నాడు గురుస్వామి.

కమిటీ మొదటిసారి కూర్చున్న రోజు కింద వీధి అంతా వచ్చి సంఘం కిటికీల దగ్గర నిలబడింది. నూలు బేళ్ళు రెండు వీధులవాళ్ళ ఎదుటే విప్పాలి, మగ్గానికింత అని సమానంగా పంచాలి అని గురుస్వామి తీర్మానం పెట్టాడు. పుల్లన్న ఓపికగా విన్నాడు.

"బలపరిచేది ఎవురప్పా?"

మిగిలిన ముగ్గురూ నేల చూపులు చూశారు.

"నేను బలపరుస్తాండా" అని కిటికీ అవతలనుంచి బసవన్న అన్నాడు.

"నువ్వు కమిటీ మెంబరు కాదు గదా నాయినా" అన్నాడు పుల్లన్న. అతని గొంతులో వెక్కిరింపు కూడా లేదు.

బసవన్న పక్కన లాల్ బీ చెయ్యెత్తింది. ఆమెను చూసి ఇంకొకరు, తర్వాత కిటికీల దగ్గరున్న వాళ్ళందరూ ఎత్తారు. ఆ చేతులు చూస్తుంటే గురుస్వామికి ఏడుపొచ్చింది, అంతకు రెట్టింపు కోపం వచ్చింది. పుల్లన్న అల్లుడు కలం తీసి మినిట్సు పుస్తకంలో తారీఖు వేశాడు. కింద, ఆ రోజు కమిటీ ముందుకు తీర్మానాలేవీ రాలేదని రాశాడు.