మూడో అక్షరం

చుక్కమ్మ అసలు పేరు ఆ కరెంటు ఆఫీసులో సగం మందికి తెలియదు. కోబాల్ అనే పాత కంప్యూటర్ భాషలో వాక్యం చివర చుక్క మరిచిపోతే ప్రోగ్రాం కొంప ముంచుతుందని ఇరవై ఆరేళ్లుగా కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ నూరిపోస్తూ రావడంతో ఆ పేరు అతుక్కుపోయింది. ఆవిడా కాదనలేదు.

ఆ మధ్యాహ్నం మూడున్నరకి ఆవిడ తెర మీద ఒకే సంఖ్యను మూడుసార్లు చదివింది. రెండు వందల పన్నెండు.

ఎండలు ముదిరి, రోజూ సాయంత్రం ఐదు నుంచి వంతులవారీగా కోతలు పెడుతున్న రోజులవి. ఏ ఇంటి మీటరునైనా ఆఫీసు నుంచే ఆపేయవచ్చు. ఊపిరి యంత్రం మీద మనిషి ఉన్న ఇళ్ల జోలికి మాత్రం పోకూడదు. ఆ ఇళ్ల జాబితాను రోజూ నాలుగున్నరకి మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్ మీద, వరసగా నడిచే ప్రోగ్రాంల కట్ట ఒకటి, బ్యాచ్ జాబు, తయారుచేస్తుంది. అందులో పెద్ద ప్రోగ్రాం ఒకటి, అది పిలిస్తే పలికే సబ్‌ప్రోగ్రాంలు నాలుగు. ఒకటి కొత్త ఇళ్లను చేరుస్తుంది, ఒకటి డాక్టరు చీటీ గడువు దాటిన ఇళ్లను తీసేస్తుంది, ఒకటి జాబితా రాస్తుంది, ఆఖరుది దాన్ని కోతల యంత్రానికి పంపుతుంది. ఏది నడవాలో ఒక చిన్న కంట్రోల్ ఫైలు చెబుతుంది. ఒక్కోదాని పేరు పక్కన ఒక్కో ఇంగ్లీషు అక్షరం. వై అంటే నడవాలి, ఎన్ అంటే వద్దు.

ఆ రోజు తూర్పు డివిజన్ కంప్యూటర్ లైను తెగిపోయి, అక్కడి గడువు పొడిగింపుల ఫైలు రాలేదు. కాగితాలు అక్కడి బల్ల మీద కట్టలుగానే ఉన్నాయి. యంత్రానికి ఆ సంగతి ఏం తెలుసు? తీసేసే సబ్‌ప్రోగ్రాం నడిచిందంటే పొడిగింపు అందని ఆ రెండు వందల పన్నెండు ఇళ్లూ జాబితా నుంచి ఎగిరిపోతాయి.

కబురు అందగానే అధికారి పరుగున వచ్చాడు. "నిన్నటి జాబితానే పంపేస్తే?"

"ఇవాళ కొత్తగా తొమ్మిది ఇళ్లు వచ్చాయి సార్. పైగా ఇవాళ్టి తేదీ లేనిదాన్ని అవతలి యంత్రం ముట్టుకోదు."

"కోతలు ఆపమని పైవాళ్లని అడిగి చూశాను. ఐదంటే ఐదే అంటున్నారు. లోడు తగ్గించకపోతే ఆసుపత్రులతో సహా అంతా పడిపోతుందట."

"అయితే తీసేసేదాన్ని ఒక్కదాన్నే ఆపుతాను. వై చెరిపి ఎన్ పెడితే సరి."

"అంతేనా?"

"అంతే అనుకుంటున్నాను."

అనుకోవడం మీద ఆవిడకి ఎప్పుడూ నమ్మకం లేదు. పది ఇళ్లతో ఒక చిన్న ఫైలు కట్టి పరీక్షకి నడిపింది. జాబు ఏ గొడవా లేకుండా ముగిసింది. జాబితా తెరిచి చూస్తే ఒక్క ఇల్లు లేదు. తెల్ల కాగితం.

ఆవిడ పరీక్ష చేయకుండా నడిపి ఉంటే రెండు వందల మందిని కాపాడబోయి, జాబితాలో ఉన్న పద్దెనిమిది వందల ఇళ్లనూ చీకట్లోకి నెట్టేసేది.

వెతికితే కారణం దొరికింది. మిగిలిన ఇళ్లెన్నో లెక్కపెట్టి చెప్పేది ఆ తీసేసే సబ్‌ప్రోగ్రామే. దాన్ని పిలవకపోతే లెక్క సున్నా. సున్నా కనబడగానే జాబితా రాసేది కలం మూసేస్తుంది. దాన్ని మార్చి పరీక్షించే వ్యవధి లేదు. తీసేసేదాని లోపల ఏముందో చదువుదామంటే, పాత డిస్కు పాడైనప్పుడు మనిషి చదవగలిగే దాని సోర్సు పోయింది. యంత్రానికి అర్థమయ్యే రూపమే మిగిలింది. పెద్ద ప్రోగ్రాం మాత్రం ఆ వై అక్షరాన్ని దాని చేతికి అందిస్తోంది. ఎలాగూ నడవమన్నాక, అక్షరంతో దానికేం పని?

ఆ ప్రశ్నకి జవాబు తెలిసినవాడు ఒక్కడే. దాన్ని రాసినవాడు, ఆవిడ మరిది. మూడేళ్ల కిందట ఒక మీటింగులో నలుగురి ముందు ఆవిడ అతని ప్రోగ్రాంలో తప్పు ఎత్తి చూపింది. నెల తిరక్కుండా అతను ఉద్యోగం మానేశాడు. అప్పటినుంచి ఇంట్లో ఎదురుపడ్డా ముక్తసరి మాటలే.

గడియారం నాలుగు దాటింది. ఆవిడ ఫోన్ చేసింది.

"చెప్పండి," అన్నాడు మరిది. ఒకప్పుడు నువ్వు అనేవాడు.

ఆవిడ ఉన్నదున్నట్టు గబగబా చెప్పింది.

"ఎన్ పెట్టావా? అసలు జాబుకే?" అన్నాడు ఉన్నట్టుండి.

"లేదు. పరీక్షకి."

"బతికించావు వదినా. ఎన్ పెట్టకు. టి పెట్టు. లెక్కపెడుతుంది, దేన్నీ తీసెయ్యదు. నేను పరీక్షలు చేసుకోడానికి పెట్టుకున్నా."

"ఎక్కడా రాసి పెట్టలేదేం?"

"రాద్దామనే అనుకున్నా. ఈలోగా బయటికొచ్చేశాను."

"కచ్చితంగా టి యేనా?"

"నా మాట నమ్మకు. నడిపి చూడు."

పది ఇళ్ల ఫైలు మళ్లీ నడిపింది. అందులో నాలుగు ఇళ్లకి గడువు దాటింది. జాబితాలో పది ఇళ్లూ ఉన్నాయి. ఆవిడ ఒక్కొక్క మీటరు నంబరూ వేలు పెట్టి చదువుతుంటే అధికారి వాచీ చూసుకుంటూ నుంచున్నాడు.

నాలుగూ ముప్పై నాలుగుకి అసలు జాబు వదిలింది. ఏడు నిమిషాల్లో జాబితా వెళ్లిపోయింది. ఐదింటికి కోతలు మొదలయ్యాయి. గదిలో అందరి కళ్లూ ఫిర్యాదుల ఫోను మీదే.

ఐదూ పదికి అది మోగింది. అధికారే ఎత్తి, విని, తూర్పు డివిజన్‌లో ఒక ఇంటి నంబరు రాసుకుని ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ వెంటనే వెతికింది. ఆ ఇల్లు జాబితాలోనే ఉంది.

"మరి ఫోనెందుకు చేశారు సార్?"

"ఆ ఇంటివాళ్లు కాదు, పక్కింటాయన. వాళ్లకి కరెంటుంది, మాకెందుకు లేదని తగువు." అధికారి కుర్చీలో కూలబడి అరచేతులతో మొహం రుద్దుకున్నాడు.

చుక్కమ్మ వరండాలోకి వెళ్లి మళ్లీ ఫోన్ చేసింది.

"అన్ని ఇళ్లూ నిలిచాయి," అంది. కొంచెం ఆగి, "ఆ రోజు నలుగురిలో అనకుండా ఉండాల్సింది," అంది.

"తప్పు నాదే కదా వదినా."

"తప్పు నీదే. చెప్పిన చోటు నాది."

"ఆ టి సంగతి రేపొచ్చి రాసి పెడతాను. గేటు దగ్గర నన్ను లోపలికి రానిస్తారా?"

"నేనొచ్చి తీసుకెళ్తాను," అంది ఆవిడ.